నానమ్మ నోరు విప్పని పూట

ఆ ఉదయం పిట్ట వేసుకున్న పథకం చాలా చిన్నది. పిట్టా, ఆమె తోటి పదో తరగతి పిల్లలూ ముందు ముందు చేయాలనుకుంటున్న పని ఏమిటో బడిలో చూపించాలి. మధ్యాహ్నం తల్లిదండ్రులు వచ్చి చూస్తారు. వైద్యరంగంలోకి వెళ్తానని పిట్ట ఎప్పుడో చెప్పింది. విన్న రోజే నాన్న ఆమెను గుండె డాక్టరును చేసేశాడు. పిట్ట మనసులో ఉన్నది మాత్రం కట్టుడు పళ్ళు తయారుచేసే పని. ఆ మాట నాన్నకు చెప్పే ధైర్యం లేక, చేసి చూపిద్దామనుకుంది.

అచ్చు తీయడానికి పళ్ళు కావాలి. నానమ్మవి కట్టుడు పళ్ళని చనిపోయిన తాతయ్యకూ, పిట్టకూ తప్ప కన్నకొడుక్కి కూడా తెలియదు.

"మధ్యాహ్నానికి తెచ్చిస్తావుగా?" అంది నానమ్మ, వాటిని తీయబోతూ.

"తెస్తా. నాన్న బడికి వచ్చేదాకా ఎవరికీ చెప్పకు నానమ్మా."

"నోరు తెరిస్తేగా చెప్పడానికి!"

పిట్ట బడికి వెళ్ళింది. నానమ్మ పెదాలు బిగించుకుని కూర్చుంది. కోడలు కాఫీ తెస్తే తల అడ్డంగా ఊపింది. కాపురానికి వచ్చాక అత్తగారు ఒక పూటంతా మౌనంగా ఉండటం కోడలు చూడలేదు. మొదట సంతోషించి, తర్వాత భయపడింది.

"ఏమండీ, అత్తయ్య మాట్లాడట్లేదు."

"నువ్వేమన్నావ్?"

"నేనేమంటాను! కాఫీ తాగమన్నాను, అంతే."

మధ్యాహ్నం దాకా ఆగమని నానమ్మ గోడ గడియారం వైపు వేలు చూపించింది. గడియారం పక్కనే తాతయ్య ఫొటో ఉంది.

"అయ్యో, మామయ్యగారు పిలుస్తున్నారంటున్నారండీ!" కోడలు ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపుకు పక్కింటి రిటైర్డ్ కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు. నానమ్మ బుగ్గలు పరీక్షగా చూసి, "దవడలు లోపలికి పోయాయి. పక్షవాతమే," అని తేల్చేశాడు. నానమ్మ ఆయన వైపు చూసిన చూపులో పక్షవాతం జాడ లేదు. అంబులెన్సు వచ్చింది. ఎక్కనని ఆమె మంచం పట్టీ పట్టుకుంటే, "చూశారా, చేతులు బిగుసుకుపోతున్నాయి," అన్నాడాయన.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నోరు తెరవమంది. నానమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"చేతులకేం కాలేదు," అంది డాక్టరమ్మ.

కొడుకు మంచం పక్కన కూర్చుని తల్లి చీర చెంగు పట్టుకున్నాడు. "నాన్నకు మాట పడిపోయాకే నేను వచ్చానమ్మా. ఏం చెప్పాలనుకున్నాడో ఇప్పటికీ తెలీదు. నువ్వూ అలా చెయ్యకమ్మా. ఏదో ఒకటి అను. పోనీ, తిట్టు."

నానమ్మ కొడుకు ముఖంలోకి కాసేపు చూసింది. ఇన్నేళ్ళ గుట్టు మీద నుంచి చేతులు తీసేసింది.

"నాకేం కాలేదురా. నా పళ్ళు బడికెళ్ళాయి."

కబురు అందుకుని పిట్ట రొప్పుతూ వచ్చేసరికి గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. ఆమె డబ్బా అందించింది. పళ్ళు పెట్టుకున్న నానమ్మ నాలుకతో ఓ మూల తడిమి ఆగింది.

"ఏం చేశావే?"

"ఆ అంచు గరుకుగా ఉంటే కాస్త నున్నగా అరగదీశా. పాడుచేశానా?"

"అది చిగుళ్ళకు గుచ్చుకుంటూనే ఉండేదే. మీ తాతయ్య దగ్గరుండి చేయించాడు. చెబితే నొచ్చుకుంటాడని ఊరుకున్నా. ఆయన పోయాక వాటిని మార్పించడానికి మనసు రాలేదు." నానమ్మ మళ్ళీ ఆ మూల నాలుకతో తడిమింది. "ఇప్పుడు గుచ్చుకోవట్లేదు."

"నేను చేయాలనుకుంటున్న పని ఇదే నాన్నా, కట్టుడు పళ్ళు చేయడం," అంది పిట్ట.

"పోనీ, పళ్ళ డాక్టరు అవ్వొచ్చుగా?"

"నేను పళ్ళు పీకను నాన్నా. చేస్తాను."

"వింతగా ఉందే," అన్నాడు నాన్న. ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుని, "ఆ చదువు ఎక్కడ చెబుతారో రేపు మీ టీచర్ని అడుగుదాం. నేనూ వస్తా," అన్నాడు.

ఆ సాయంత్రం నానమ్మ పక్కింటి కాంపౌండరును పిలిచి, పొద్దున్నుంచి దాచుకున్న తిట్లన్నీ తిట్టింది. ఆయనకే నోట మాట రాలేదు.