ఏడు విమానాల తీర్మానం

“ఎవరి నెత్తి మీదైనా పడితేనో?” అంది కాంతమణి.

అప్పటికింకా ఏ విమానమూ అటక దిగలేదు. గగన్‌విహార్ రెసిడెన్సీ పదో వార్షికోత్సవానికి మీవాడి చేత రిమోటు విమానం ఎగరేయిద్దామని సంఘం అధ్యక్షుడు రాజేందర్ గారు లిఫ్టులో ఒక మాట అన్నారు, అంతే. లిఫ్టు నాలుగో అంతస్తు చేరేలోపలే కాంతమణి మనసులో ఆ విమానం లేచింది, ఒక చుట్టు తిరిగింది, సి బ్లాకు పెద్దాయన బట్టతల మీద కూలింది, పోలీసులొచ్చారు, పేపర్లో పడింది. భయపడటంలో ఆమెది ముప్ఫై ఏళ్ళ అనుభవం. యాప్రాల్‌లో ఈ ఫ్లాటు కొన్నప్పుడు కూడా, చుట్టూ మిలిటరీ వాళ్ళున్నారు కదా, యుద్ధమొస్తే బాంబు ముందు మన మీదే వేస్తారేమోనని గృహప్రవేశం పీటల మీద కూర్చునే అడిగిన మనిషి.

అభిరామ్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. కంప్యూటరు ఉద్యోగం, ఇంటి నుంచే. ఇంట్లో కూర్చుని చేసేదాన్ని ఉద్యోగమని నమ్మే అలవాటు గగన్‌విహార్‌లో ఎవరికీ లేదు. అందుచేత అందరూ అతన్ని ‘ఆ ఖాళీగా ఉండే కుర్రాడు’ అని ప్రేమగా చెప్పుకునేవారు. వాచ్‌మన్ ఊరెళితే నీళ్ళ మోటారు వేయమనేవారు. పెళ్ళి సంబంధాలవాళ్ళు గేటు దాకా వచ్చి, కింద నలుగురినీ విచారించి, పైకి రాకుండానే వెళ్ళిపోయేవారు.

ఆదివారం వస్తే మాత్రం అభిరామ్ షామీర్‌పేట దాటి ఒక బీడుకు పోయి విమానాలు ఎగరేసుకునేవాడు. ఉన్నవి రెండు. అందులో తెల్లది ఆర్నెల్లు కూర్చుని పల్చటి చెక్కతో తన చేతులతో చేసుకున్నది. కాంతమణి దాని చుట్టూ దుమ్ము తుడిచిందేగాని, అది గాలిలో ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. వాడు వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుని కూర్చునేది. “ఒక్కసారి రామ్మా, చూద్దువుగాని” అని వాడు పిలిచినప్పుడల్లా ఆమెకు మోకాళ్ళ నొప్పి వచ్చేది.

విషయం లిఫ్టులో తేలేది కాదు కాబట్టి సెల్లారులో సర్వసభ్య సమావేశం జరిగింది. ఎన్ని విమానాలు తేవాలన్నది ఏకైక ఎజెండా.

“ఒక్కటి చాలండి అంకుల్. ఒక మనిషి ఒకసారి ఒక్కదాన్నే ఎగరేయగలడు” అన్నాడు అభిరామ్.

ఇది కేవలం సాంకేతిక కారణం కాబట్టి సభ దీన్ని పరిశీలనలోకి తీసుకోలేదు.

“ఒక్కటేంది బిడ్డా?” అన్నారు రాజేందర్ గారు. “గింత పెద్ద అపార్ట్‌మెంటు! పక్కనోళ్లు మొన్న ఒంటెను తెచ్చిన్రు. మనం ఒక్కటి తెస్తే ఇజ్జత్ ఉంటదా?”

కార్యదర్శి ధర్మరాజు గారు లేచి గొంతు సవరించుకున్నారు. ఆయన ఒకప్పుడు కాకినాడలో ఏదో ఎన్నికకు నామినేషన్ వేసి ఉపసంహరించుకున్నవారు. “అధ్యక్షా, మన బ్లాకులు మూడండి. ఒకే విమానం ఎగిరితే అది ఏ బ్లాకుదన్న ప్రశ్న వస్తుందండి. ఆకాశం అందరిదీనండి, కానీ విమానం ఒకరిదైపోతుంది. కనుక బ్లాకుకొకటి చొప్పున మూడు విమానాలు న్యాయమని మనవి.”

చప్పట్లు మోగాయి. అంతలో వెనక వరసలోంచి కాంతమణి లేచింది. సభలో ఆమె మాట్లాడటం అదే మొదలు. భయం ఆమెను నిలబెట్టింది.

“మూడు వద్దండీ! శుభమా అని పని మొదలెడుతూ ముగ్గురు కలిసి గడప దాటరు. పడితే మూడూ పడతాయి.”

సాంకేతిక కారణాన్ని పక్కన పెట్టిన సభ దీన్ని మాత్రం గంభీరంగా ఆలోచించింది. మూడు రద్దయి నాలుగయింది. నాలుగోది ఎవరిదన్నప్పుడు, అది కామన్ ఏరియాకు చెందుతుందని ధర్మరాజు గారు రూలింగు ఇచ్చారు.

బి బ్లాకు టీచరు దేవకృప గారు మహిళా విభాగం తరఫున నిలబడ్డారు. “మాకొకటి లేకపోతే ఎలాగండీ? సాయంత్రం ఆరు దాటాక ఈ అపార్ట్‌మెంట్లో రిమోట్లన్నీ మా చేతుల్లోనే కదా ఉండేది!” ఈ వాదనకు ఎదురులేదు. ఐదు. వయోవృద్ధులు మెడ ఎత్తనక్కరలేకుండా కిందుగా పోయే విమానం ఒకటి కోరారు. ఆరు. ఆరు తనకు కలిసిరాదనీ, తన కారు నంబరు కూడితే ఏడు వస్తుందనీ రాజేందర్ గారు తెలియజేశారు. ఏడు. అద్దెకున్నవాళ్ళ సంగతేమిటని వెనక నుంచి ఎవరో అడిగితే, వారికి ప్రత్యేకంగా విమానం ఉండదని, అయితే ఓనర్ల విమానాలు పోతున్నప్పుడు తలెత్తి చూడటానికి సంఘానికి అభ్యంతరం లేదని స్పష్టం చేశారు.

“మిలిటరీ వాళ్ళు శత్రువుల విమానాలనుకుని కాల్చేస్తేనో?” అంది కాంతమణి. ఒకసారి లేచి నిలబడ్డాక ఆమెకు కూర్చోవడం కష్టమైంది.

“నేను మాట్లాడిన అక్కా, పరేషాన్ కాకు” అన్నారు రాజేందర్ గారు. ఎవరితో మాట్లాడారని అడగడం మర్యాద కాదని మీకు తెలిసిందే.

ఏడింటినీ ఎవరు ఎగరేస్తారన్న ప్రశ్న ఎజెండాలో లేదు. కనుక అది రాలేదు.

ఇంటికొచ్చాక అభిరామ్ చెప్పులైనా విప్పలేదు. “నా వల్ల కాదని చెప్పేస్తానమ్మా. ఇది ఎగరేయడం కాదు, ఊరేగింపు.”

“వద్దు నాన్నా, నలుగురిలో ఉంటున్నాం. కాదంటే పొగరనుకుంటారు. ఒక్కసారి నీ విద్యేంటో చూస్తే ఆ ఖాళీ కుర్రాడు అనే మాటన్నా మానతారు.”

వాడు చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టి, “సరే. కానీ ఒక షరతు. తెల్లదాన్ని లేపినప్పుడు నువ్వు కళ్ళు మూసుకోకూడదు. వాళ్ళు చూసినా చూడకపోయినా ఒకటే. నువ్వు చూడాలి” అన్నాడు.

“చూస్తాలే” అంది కాంతమణి. అని, ఆ క్షణంలోనే స్టేషను దగ్గర గుళ్ళో గణపతికి కొబ్బరికాయలు మొక్కుకుంది.

అభిరామ్‌వి రెండింటికి తోడు, బోయిగూడలో ఉండే అతని స్నేహితుడు యెషయా తనవి నాలుగు ఎరువిచ్చాడు. ఎంత వెతికినా ఏడోది దొరకలేదు. సీతాఫల్‌మండిలో పెళ్ళి మండపాలు కట్టేవాళ్ళ చేత థర్మకోలుతో చేయించారు. దానికి మోటారు లేదు. మిగతావాటికంటే నిండుగా ఉందని కమిటీ దాన్నే మధ్యలో పెట్టించింది.

వార్షికోత్సవం నాటి సాయంత్రం గాలి లేదు, మబ్బు లేదు. “ఇలాంటి రోజు ఏడాదికొకటి దొరుకుతుందమ్మా” అన్నాడు అభిరామ్, పొద్దున్నించీ మొదటిసారి నవ్వుతూ. ఎర్రబట్ట పరిచిన బల్ల మీద విమానాలు కొలువుతీరాయి. పూజారి గారు కొత్త కార్లకు చేసే పూజే వీటికీ చేశారు. రెక్కలకు పసుపు రాశారు, ముక్కులకు కుంకుమ బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. విమానం చక్రాలకంటే నిమ్మకాయలే పెద్దవి కావడంతో ఒక్కొక్క విమానమూ వాటి మీదికెక్కి వెల్లకిలా పడింది. దీన్ని శుభసూచకంగా ప్రకటించారు. పూజ ఒక్కటే అయితే మావాళ్ళు నొచ్చుకుంటారని దేవకృప గారు ముందే చెప్పి ఉన్నారు కాబట్టి పాస్టరు గారు ప్రయాణికులందరి క్షేమం కోసం ప్రార్థించారు. ప్రయాణికులు లేరన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ముఖ్య అతిథిగా రావలసిన నాయకుడు రాలేకపోయినందున ఆయన బావమరిది వస్తున్నారని తెలిసింది. ఆయన వచ్చేసరికి పొద్దు వాటర్ ట్యాంకు మీదికి వాలింది.

“అంకుల్, వెలుతురు పోతోంది. ఒక్కటి లేపేస్తాను” అన్నాడు అభిరామ్, వేదిక దగ్గరికి వెళ్ళి.

“జెర ఆగు బిడ్డా. ముందుగాల స్వాగతం కావాలె.”

స్వాగతం అయింది. నివేదిక అయింది. ధర్మరాజు గారు, “ఈ రోజు ఎగిరేవి విమానాలు కావండి, మన ఐకమత్యం!” అన్నారు. ఏ బ్లాకు విమానం ముందు ఎగరాలన్న దాని మీద కింద వరసల్లో ఐకమత్యం అప్పటికే చొక్కాలు పట్టుకుంటోంది. ఎ బ్లాకు ముందని ఒకరూ, అక్షరమాల ప్రకారం పోతే సి బ్లాకుకు ఎప్పటికీ న్యాయం జరగదని ఇంకొకరూ. బావమరిది గారు దేశ వైమానిక రంగం గురించి మాట్లాడుతూ, తాను మొదటిసారి విమానమెక్కినప్పుడు కిటికీ సీటు ఇవ్వని సంగతి సవిస్తరంగా చెప్పారు. తర్వాత శాలువాలు. అభిరామ్ మళ్ళీ వెళ్ళాడు. ఒక శాలువా అతనికీ కప్పారు.

ఇంత జరుగుతున్నా కాంతమణి కళ్ళు మూయలేదు. మాట ఇచ్చింది. తెల్ల విమానం మీద చూపు నిలిపి, రెప్ప వేయకుండా, చీర కొంగు చేతికి చుట్టుకుని కూర్చుంది. చూస్తుండగానే ఆ తెలుపు బూడిదరంగుకు తిరిగింది. తర్వాత బల్లా విమానమూ ఒకటైపోయాయి. వేదిక దీపాలు వెలిగించారు. ఆకాశంలో మాత్రం ఏమీ కనబడదు.

“ఇక చీకట్లో లేపితే ఎక్కడ పడుతుందో నాకే తెలీదు అంకుల్” అన్నాడు అభిరామ్.

“ఏం ఫికర్ లేదు” అన్నారు రాజేందర్ గారు. బావమరిది గారి చేతికి తెల్ల విమానాన్ని అందించి, తల మీదికి ఎత్తి పట్టించారు. ఫోటోగ్రాఫరు సిద్ధమయ్యాడు. “ఆ, అందరు పైకి చూడున్రి! గట్టిగ సప్పట్లు!”

గగన్‌విహార్ యావత్తూ తలెత్తి చీకట్లోకి చూసింది. చప్పట్లు కొట్టింది. అద్దెకున్నవాళ్ళు కూడా కొట్టారు. అందరికంటే గట్టిగా, అరచేతులు మండేలా కొట్టింది కాంతమణి. ఎందుకంటే ఎవరి నెత్తి మీదా ఏమీ పడలేదు. బల్ల వెనక శాలువాతో, చేతిలో రిమోటుతో నిలబడి అభిరామ్ తనవైపే చూస్తున్నాడని ఆమె ఆలస్యంగా గమనించింది.

ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. నల్లటి ఆకాశంలో ఏడు విమానాలు బారులు తీరి ఉన్నాయి. ఏడోది మోటారు లేని ఆ థర్మకోలుదే. ‘గగన్‌విహార్ గగనతలంలో సప్త విమానాల విన్యాసం, కేరింతలు కొట్టిన నివాసులు’ అని కింద రాశారు. కాలనీ పత్రిక అదే వేసింది. మర్నాటికి అందరికీ జ్ఞాపకాలు రావడం మొదలయింది. ఎర్ర విమానం పల్టీ కొట్టినప్పుడు మా పాప కెవ్వుమందని ఒకావిడ రాసింది. పైకి చూసి చూసి మెడ పట్టేసిందని వయోవృద్ధులు ఫిర్యాదు చేశారు. తమ విమానమే ఎక్కువ ఎత్తుకు పోయిందని ఎ బ్లాకూ బి బ్లాకూ వాదించుకుని మాటలు మానేశాయి. సి బ్లాకు బట్టతల పెద్దాయన, ఒక విమానం తన బాల్కనీ పక్క నుంచి పోతూ లోపలికి తొంగిచూసిందనీ, అభిరామ్ క్షమాపణ చెప్పాలనీ పట్టుబట్టారు.

“పోయేదేముంది, చెప్పెయ్యి నాన్నా” అంది కాంతమణి. వాడు చెప్పేశాడు. పెద్దాయన పెద్ద మనసు చేసుకున్నారు.

లిఫ్టులో దేవకృప గారు చెయ్యి పట్టుకుని అభినందించారు. “ఎంత బాగా తిరిగిందండీ మీ అబ్బాయి తెల్ల విమానం! హంసలా!”

“మీరు చూశారాండీ?” అంది కాంతమణి ఆశగా.

“అయ్యో, ముందు వరసలోనే కూర్చున్నాను కదండీ!”

ఖాళీగా ఉండే కుర్రాడు పైలట్ బాబు అయ్యాడు. మోటారు వేయమని ఎవరూ అడగడం లేదు. ఒక పెళ్ళి సంబంధం గేటు దాటి, లిఫ్టెక్కి, సోఫాలో కూర్చుని కాఫీ తాగి, ఫోటో చూసి ముచ్చటపడి వెళ్ళింది. కాంతమణి కోరుకున్నవన్నీ జరిగాయి. భయపడినది ఒక్కటీ జరగలేదు. గణపతికి మొక్కు తీర్చుకుంది.

ఆదివారం వచ్చింది. అభిరామ్ షామీర్‌పేట వెళ్ళలేదు. బాల్కనీలో కింద కూర్చుని, తెల్ల విమానం ఒళ్ళో పెట్టుకుని, రెక్క మీద పసుపు గోటితో గీకుతున్నాడు. కాంతమణి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“అభీ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. అందరూ చూశామంటున్నారు. ఆ రోజు నేను రెప్పైనా వేయలేదు నాన్నా, నీ మీదొట్టు. అవి ఎగిరాయా?”

అతను గీకడం ఆపలేదు. రెక్క ఒక పక్క అయింది. రెండో పక్కకు తిప్పాడు. కింద ఎవరో కారు కడుగుతున్నారు. పక్కింట్లో కుక్కరు కూతలు పెట్టి ఆగిపోయింది. పసుపు పోయిన చోట తెలుపు కూడా కొంత లేచిపోయింది. అక్కడ బొటనవేలితో రెండుసార్లు రుద్ది, తలెత్తకుండానే అన్నాడు.

“ఎగిరే ఉంటాయమ్మా. నువ్వూ చప్పట్లు కొట్టావు కదా.”