ఒక్కపూట వేలిముద్రలు

ఆ ఉదయం సువార్త అనుకున్నది చాలా చిన్న పని. పది గంటలకు జనం బడి దగ్గర చేరాలి. అక్షరాస్యతా దినోత్సవం ర్యాలీ నల్లరాళ్లపల్లి వీధులన్నీ ఒక చుట్టు తిరిగి రావాలి. ఆ తర్వాత ఫిన్లాండు నుంచి వస్తున్న ఐనో మేడం ముందు వయోజన కేంద్రం ఆడవాళ్లు తలా నాలుగు వాక్యాలు చదివి వినిపించాలి. మేడం మెచ్చుకుంటే, ఆమె సంస్థ సాయంతో నడుస్తున్న ఆ కేంద్రం ఇంకో మూడేళ్లు నడుస్తుంది. మెచ్చుకోకపోతే... ఆ మాట ఆలోచించకుండా ఉండడానికి కేంద్రం టీచరు సువార్త ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చింది. పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోయింది. గుర్తొచ్చి దించేసరికి గిన్నెలో ఆకు మాత్రమే మిగిలింది.

ఇంతలో మైకు ఆటో ఓబులేష్ ఫోను చేశాడు. "ఏం చెప్పల్ల అక్కా మైకులో?"

"చదువు వచ్చినోళ్లు, రానోళ్లు అందరూ బడికాడికి రావల్లని చెప్పన్నా. అంతే."

"అంత సప్పగా చెప్తే ఎవురొస్తారక్కా? ఆ యమ్మ యాడినుంచి వస్తాందో ఒక ముక్క చెప్పు. మిగతాది నేను అల్లుకుంటా."

"ఫిన్లాండన్నా. లక్షకు పైన చెరువులుండే దేశమంట," అని సువార్త నోరు జారింది.

ఓబులేష్‌కు మైకు చేతికొస్తే మాటలు ఆగవు. దుప్పట్ల బేరమైనా, దశదిన కర్మ అయినా అతనికి ఒకటే ఊపు. మొదటి వీధిలో, "లక్ష చెరువుల దేశం నుంచి మేడం వస్తాండాది! చదువు రానోళ్ల కోసం వస్తాండాది!" అని ఊదరగొట్టాడు. అంతవరకు అబద్ధమేమీ లేదు. కానీ అది వాన మొహం చాటేసిన ఏడు. శెనక్కాయ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు నేల ఇనుములా బిగుసుకుపోయింది. అలాంటి ఊళ్లో చెరువు అన్న మాట చెవిన పడ్డాక మిగతా మాటలు ఎవరికి వినిపిస్తాయి? నడివీధికి వచ్చేసరికి, చదువు రానివాళ్లకు మేడం నీళ్లిస్తుంది అన్నారు. ఊరి చివర కాలనీకి చేరేసరికి, వేలిముద్ర వేసేవాళ్లకు ఇంటికొక బోరు అన్నారు.

సువార్త బడి దగ్గరకు వచ్చి జనాన్ని చూసి మొదట మురిసిపోయింది. రెండేళ్లలో ఏ ర్యాలీకీ ఇంతమంది రాలేదు. దగ్గరికి వెళ్లాక చూస్తే వాళ్లు ర్యాలీకి కాదు, వరుసకు నిలబడ్డారు. ఎవరో చౌకడిపో నుంచి స్టాంపు ప్యాడు పట్టుకొచ్చారు. అందరి బొటనవేళ్లూ నీలంగా ఉన్నాయి. ముందు నిలబడింది ఆమె దగ్గర చదివే ఆడవాళ్లందరిలోకీ చురుకైన చౌడమ్మ.

"చౌడమ్మక్కా, ఏమిది? నిన్న పేపరు గడగడా చదివినావు కదా!"

"అది నిన్న," అంది చౌడమ్మ నింపాదిగా. "ఈ పొద్దు నాకి రాదు. అక్షరాలు యాడికి పోతాయి టీచరమ్మా? బోరు పడినాక మళ్లా గుర్తు తెచ్చుకుంటా."

వరుసలో ఇంకొంచెం వెనక ఎవరో తల పక్కకు తిప్పుకున్నారు. చూస్తే, ఆ బడిలోనే హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన కుళ్లాయప్ప సారు. కళ్లద్దాలు తీసి జేబులో దాచుకున్నాడు. ఆయన బొటనవేలు అందరికంటే నీలంగా ఉంది.

"సార్, మీరు కూడానా!"

"నాకి చేను లేదామ్మా?" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ముప్పై ఏండ్లు ఊరికంతా చదువు చెప్పినా. నేను చదువుకున్యానని ఎప్పుడన్నా చెప్పుకున్యానా?"

 సువార్త పరుగెత్తి ఓబులేష్ చేతిలోని మైకు లాక్కుంది. "అన్నలారా, అక్కలారా, బోర్లు లేవు! ఏమీ లేవు! మేడం మన చదువు చూసేదానికి వస్తాంది!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఈ యమ్మ ఇంతగా వద్దంటాందంటే కచ్చితంగా ఉండాది," అన్నాడొకడు. "బోర్లన్నీ వాళ్ల నాయన చేనికే ఏయించుకుంటాదేమో," అంది ఇంకొకామె. రోడ్డు మీద పోతున్న షేర్ ఆటో ఆగింది. అందులోంచి దిగిన పొరుగూరివాళ్లు విషయమేమిటో అడగకుండానే వరుసలో కలిసిపోయారు.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. ముందు సంస్థ అనంతపురం ఆఫీసు నుంచి వచ్చిన సందీప్ దిగాడు. మేడం మాటలు తెలుగులో చెప్పడం అతని పని. వెనకే మెడలో కెమెరాతో, తాటిచెట్టంత ఎత్తున మేడం దిగింది. అందరికీ చేతులు జోడించి నవ్వుతూ, "ఐనో," అని తన పేరు చెప్పుకుంది.

"ఐ నో అంటాంది! తనకు తెలుసంట!" అని కుళ్లాయప్ప సారు ఉలిక్కిపడ్డాడు. "అంతా తెలిసిపోయినాదప్పా!" అంటూ నీలం వేలిని పంచెలో దాచుకున్నాడు. ఆ పూటకు మరిచిపోయిన ఇంగ్లీషు ఆయనకు సమయం చూసి గుర్తొచ్చింది.

మేడం చౌడమ్మ దగ్గరకు వెళ్లి, ర్యాలీ కోసం నినాదం రాసిన అట్ట ఒకటి చేతికిచ్చి చదవమని సైగ చేసింది. చౌడమ్మ ఆ అట్టను తలకిందులుగా పట్టుకుంది. "నాకి రాదు మేడం. చీమలు పాకినట్ల ఉండాది," అంది. పక్కామె కూడా అదే మాట అంది. ఆ పక్కామె అయితే తనకు చీమలు కూడా కనపడలేదంది. మేడం నవ్వు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. ఆమె ఏదో మెల్లగా అడిగింది.

"రెండేళ్లుగా ఇక్కడ ఏం నేర్పారని అడుగుతున్నారు," అన్నాడు సందీప్ నేలచూపులు చూస్తూ.

 సువార్తకు కళ్యాణదుర్గం బస్టాండులో చౌడమ్మ మొదటిసారి ఎవరినీ అడగకుండా బస్సు బోర్డు చదివి ఎక్కిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఇల్లు చేరేదాకా చౌడమ్మ నవ్వుతూనే ఉంది. ఆ మనిషేనా ఈమె? సువార్తకు ఏడుపు రావాల్సింది. కోపం వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా బడి వసారాలోకి వెళ్లి, సుద్దముక్క తీసుకుని, నల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది.

"బోరు అడిగేవాళ్లు బడి వెనక నిలబడండి."

రాసి పక్కకు తప్పుకుంది.  చౌడమ్మ పెదవులు కదిలాయి. అంతే, చీర కుచ్చిళ్లు ఎగదోపి పరుగు అందుకుంది. ఆమె వెనక వరుస వరుసంతా కదిలింది. కుళ్లాయప్ప సారు కళ్లద్దాలు పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు చదివి, ఆ తర్వాత పంచె పైకి కట్టి పరుగెత్తాడు. మేడం చేతిలో కెమెరా టకటకలాడింది.

దుమ్ము సర్దుకున్నాక అక్కడ జనంలో ఓబులేష్ ఒక్కడే మిగిలాడు. ఆటోలోంచి తల బయటపెట్టి, "ఏమాయె అక్కా? పామేమన్నా వచ్చిందా?" అన్నాడు.

సందీప్ బోర్డు మీది వాక్యం చెప్పగానే మేడం పొట్ట పట్టుకుని నవ్వింది. సువార్తను కౌగిలించుకుంది. ఆనక చాలాసేపు మాట్లాడింది. వినేకొద్దీ సందీప్ మొహం వాడిపోయింది.

"నూటికి నూరుమందికీ చదువొచ్చిందట. ఇక్కడ మన పని అయిపోయినట్టేనట. కేంద్రాన్ని వేరే ఊరికి మార్చేద్దామంటున్నారు."

ఇంతలో జనం బడి వెనక నుంచి కారాలు మిరియాలు నూరుతూ తిరిగొచ్చారు. "ఆడ గోడ తప్ప ఏమీ లేదు! మోసం!"

"అడిగేవాళ్లు అని రాసినా. ఇస్తారని రాసినానా? సరిగ్గా చదవండి!" అని అరిచింది సువార్త. "అడగండి. మండలాఫీసుకు పోయి అర్జీ రాసి అడగండి. రాయడం వచ్చు కదా మీకు! చదువు రాలేదంటే కేంద్రం మూసేస్తారని భయపడితిని. ఇప్పుడు వచ్చిందని మూసేస్తాండారు!"

చౌడమ్మ బోర్డు వైపు చూసింది. "అవును, ఇస్తామని లేదు," అని ఒప్పుకుంది. తర్వాత సువార్త మొహం చూసింది. వసారాలో పరిచిన చాపల వైపు చూసింది. రోజూ సాయంత్రం ఆ చాప మీద కూర్చున్న గంటసేపు ఆమెను ఎవరూ ఏ పనీ చెప్పి లేపరు. 

"ఎవురన్నా చెప్పండప్పా," అన్నాడు ఓబులేష్ విసుగ్గా. "ఆ బోర్డులో ఏం రాసినారు?"

ఊరు ఊరంతా అతనివైపు తిరిగింది. ఇన్నేళ్లుగా ఊళ్లోని ప్రతి కబురూ అతని నోటినుంచే విన్నారు. అతనికి చదవడం రాదని ఎవరికీ తట్టనే లేదు. చౌడమ్మ ఒక్క ఉరుకున వెళ్లి అతని చెయ్యి పట్టుకుని మేడం ముందుకు లాక్కొచ్చింది.

"మేడం, ఈయప్పకు రాదు! నిజ్జంగా రాదు!"

"అంత గట్టిగా చెప్పల్లనా? మైకు కూడా ఇమ్మంటావా?" అంటూ ఓబులేష్ సిగ్గుతో మెలికలు తిరిగాడు. మేడం అతని చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ పూట నల్లరాళ్లపల్లిలో బొటనవేలికి సిరా అంటనివాడు అతనొక్కడే.

కేంద్రం నిలిచింది. కాగితం మీద అందులో ఒక్కడే విద్యార్థి. సాయంత్రం అతనికి గుణింతాలు చెప్పడానికి మాత్రం చాపలు చాలనంతమంది వస్తారు. కుళ్లాయప్ప సారు అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు. బోరు అర్జీ అందరూ కలిసి రాశారు. చౌడమ్మ మొదటి సంతకం పెట్టింది. జవాబు ఇంకా రాలేదు.

కొన్నాళ్లకు మేడం సంస్థ పత్రికలో ఆ రోజు ఫోటో అచ్చయింది. సందీప్ దాన్ని సువార్త ఫోనుకు పంపి, కింద ఏం రాశారో తెలుగులో చెప్పాడు: ‘చదువు కోసం పరుగులు తీస్తున్న పల్లె.’ ఏమైనా తప్పుందా అని అడిగాడు. సువార్త ఫోటోను పెద్దది చేసి పంచె ఎగ్గట్టిన కుళ్లాయప్ప సారును కాసేపు చూసింది. అచ్చులో తప్పేమీ లేదని సందీప్‌కు జవాబు పంపింది.