షహ్హాత్ బరువెంత

మా ఇంట్లో ఎవరి బరువైనా అడగవచ్చు. మా అత్తను అడిగితే తొంభై రెండు కిలోలని చెప్పి, ఆ తొంభై రెండూ తన మోకాళ్ళ మీదే ఉన్నాయని గంటసేపు ఏడుస్తుంది. నా బరువు మా ఆవిడ నగ్లా ఎవరూ అడక్కుండానే నలుగురిలో చెప్పేస్తుంది. నాలుగేళ్ళ మా అబ్బాయి షహ్హాత్ బరువు మాత్రం అడగకూడదు. అడిగితే ఏడాదిన్నరగా ఒకటే జవాబు, పదకొండు కిలోలు.

వాణ్ణి ఎత్తుకున్న ప్రతిసారీ నా నడుము ఈ లెక్క ఒప్పుకునేది కాదు. అయితే మా ఇంట్లో నా మాటే ఎవరూ వినరు, నా నడుము మాట ఎవరు వింటారు?

షహ్హాత్ అంటే బిచ్చగాడు. మా అత్త పెట్టిన పేరు. వాడు పుట్టిన రోజున ఆవిడ ఏడిళ్ళు తిరిగి పాత బట్టలు అడుక్కొచ్చి తొడిగింది. దిష్టి పెట్టేవాళ్ళు చూసి, వీడి దగ్గరేముందిలే అని దాటిపోవాలని. ఆవిడ పేరు బహీగా. అంటే సంతోషం. ఆ పేరు పెట్టినవాళ్ళు కాస్త ఆగి చూసి పెట్టాల్సింది.

అయినా ఈ విషయంలో వాళ్ళను చూసి నవ్వే మొహం నాకు లేదు. వీడికి ముందు మాకొక పాప పుట్టింది, పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు. ఏడో రోజు వేడుకలో పాపను జల్లెడలో పడుకోబెట్టి అందరూ పాటలు పాడుతుంటే, గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాడికీ "నాలుగు కిలోల రెండు వందలు" అని చాటినవాణ్ణి నేనే. నలభయ్యో రోజుకు పాప లేదు. గుండెలో రంధ్రం అన్నారు డాక్టర్లు. నగ్లా నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత మా ఇంట్లో పిల్లవాడి గురించి నిజమైన అంకె అన్నది వినబడలేదు.

ఇక నా పని సంగతి. ఇస్మాయిలియాలో నాకొక డెంటింగ్ షెడ్డు ఉంది. గుద్దుకున్న కార్లకు పాతికేళ్ళుగా సొట్టలు తీస్తున్నాను. కొత్త కారు వెళ్తుంటే జనం దాని రంగు చూస్తారు. నేను అది ఎక్కడ నొక్కుకుంటుందో చూస్తాను. అందుకే కారు కొన్న సంతోషంలో విందు చేసేవాడెవడూ నన్ను పిలవడు.

పోయిన నెల ఒక కారు వచ్చింది. ముందు సీటు కింద చిన్న చెప్పు దొరికింది, నా అరచేతిలో సగం ఉంది. అది ఎవరిదని యజమానిని అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

అదే వారం మా బావమరిది సామిహ్ పెళ్ళి కుదిరింది. పై వారం శుక్రవారం పెళ్ళికి అందరం జగాజిగ్ వెళ్ళాలి, ఎనభై కిలోమీటర్ల రోడ్డు. మా కారులో షహ్హాత్ చోటు ఎప్పుడూ ఒకటే, ముందు సీట్లో అమ్మమ్మ ఒడి.

"వాడికి కారు సీటు కొనాలి" అన్నాను.

"ఉందిగా" అంది నగ్లా, కూరాకు తరుగుతూ.

"అది వాడు పుట్టినప్పుడు మా అక్క పంపింది. ఇప్పుడందులో పెడితే వాడు సీట్లో కూర్చున్నట్టుండదు, సీటు తొడుక్కున్నట్టుంటుంది."

"అయితే మా అమ్మ ఒడి ఉంది."

"ఒడికి బెల్టు లేదు."

"మా అమ్మ చేతులు చూశావా నువ్వు? పట్టుకుందంటే గాడిద కూడా కదల్లేదు."

"చూశాను. గట్టిగా బ్రేకు వేస్తే ఆ తొంభై రెండు కిలోలూ వాడి మీదే పడతాయి."

"నాకు వినబడింది" అంది అత్త లోపలి గదిలోంచి.

మర్నాడు పిల్లల సామాన్లమ్మే వగ్దీ దగ్గరికి వెళ్ళాను. మెడలో ఎప్పుడూ కొలతటేపు వేలాడుతుంది గనక ఊరంతా అతణ్ణి టేపు వగ్దీ అంటారు.

"బరువెంత?" అన్నాడు.

"పదకొండు."

"వయసు?"

"నాలుగు దాటింది."

అతను కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశాడు. "డాక్టరుకి చూపించారా?"

"వాడికేం, బాగా తింటాడు."

"బాగా తినే నాలుగేళ్ళ పిల్లాడు పదకొండు కిలోలుండడు రిఫాత్ భాయ్. పదకొండు కిలోలున్నవాడు బాగా తినడు. రెంట్లో ఒకటి అబద్ధం." టేపు లాగి వదిలాడు. "సీటనేది చొక్కా కాదు, వదులైతే మడత పెట్టుకోడానికి. పదమూడు కిలోల దాకా వెనక్కి తిరిగి కూర్చునేది. పద్దెనిమిది దాకా సొంత పట్టీలున్నది. అది దాటితే కాస్త ఎత్తు మీద కూర్చోబెట్టి కారు బెల్టే పెట్టాలి. ఆ బెల్టు భుజం మీద పడాలి, మెడ మీద కాదు. ఒకటుండాల్సిన చోట ఇంకొకటి పెడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? అబద్ధం బరువుకి నేను సీటివ్వను. పో, తూచుకుని రా."

తూచడం ఎక్కడ? ఇంట్లో ఉన్న మిషను అత్త ఎక్కిన రోజే ఆఖరి శ్వాస విడిచింది. టీకాల కార్డులో బరువు రాసే గళ్ళన్నీ ఖాళీ. టీకా వేయించిన ప్రతిసారీ నగ్లా నర్సుకు పళ్ళెం నిండా బస్‌బూసా మిఠాయి ఎందుకిచ్చి వచ్చేదో నాకప్పుడు అర్థమైంది. వీధి చివర మందుల షాపువాడు నగ్లాకు చిన్నాన్న కొడుకు. అక్కడ తూస్తే అంకె నాకంటే ముందు ఇల్లు చేరుతుంది.

అప్పుడు నా బుర్రకు తట్టింది, మామిడి మార్కెట్. సీజను నడుస్తోంది. రోజుకి వెయ్యి బుట్టలు కాటా ఎక్కుతాయి. వాటి మధ్య ఒక పిల్లాడు ఎక్కి దిగితే ఎవడు చూస్తాడు? నా తెలివికి నేనే మురిసిపోయాను. అలా మురిసిన ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతుందని పాతికేళ్ళ అనుభవం ఉన్నా మురిసిపోయాను.

మంగళవారం పొద్దున క్షవరానికని చెప్పి వాణ్ణి తీసుకెళ్ళాను. వరసలో నిలబడినంతసేపూ వాడు ఏడవకుండా ఉండాలని మామిడిపళ్ళు కొనిచ్చాను. మా వంతు వచ్చింది. కాటా దగ్గర ఉండేది గలాల్. అతని గొంతు కాలవ అవతలి ఒడ్డుకు వినబడుతుంది.

"గలాల్, వీణ్ణి ఒక్కసారి తూచు. అంకె నా చెవిలో చెప్పు" అన్నాను.

"చెవిలో చెప్తే కాటాకి మర్యాదేం ఉంటుంది అన్నా? కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ వినాలి."

"ఇక్కడ ఎవరూ కొనట్లేదు, అమ్మట్లేదు."

అప్పటికే షహ్హాత్ కాటా ఎక్కేశాడు. గలాల్ గొంతు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "పద్దెనిమిదిన్నరా... రిఫాత్ గారి అబ్బాయి పద్దెనిమిదిన్నరా... బుట్ట తరుగు లేదు..." మూడుసార్లు పాడాడు. మూడోసారి పాడేటప్పుడు చెయ్యి కూడా చాపి నా వైపు చూపించాడు.

మార్కెట్టంతా తిరిగి చూసింది. "ఏం పెడుతున్నావయ్యా?" అన్నాడొకడు. ఇంకొకడు వచ్చి వాడి బుగ్గ నొక్కి చూశాడు. బుట్టల వెనక నుంచి మా కింది అంతస్తులో ఉండే హిషామ్ తల్లి లేచి నిలబడింది.

"పద్దెనిమిదిన్నరా? నగ్లా నాతో పదకొండని చెప్పిందే" అంది. కొనాల్సిన మామిడిపళ్ళు అక్కడే వదిలేసి ఇంటి దారి పట్టింది. ఆ వయసులో అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు.

మేము ఇల్లు చేరేసరికి మెట్ల దాకా పొగ. పటిక కాలుతోంది, సాంబ్రాణి కాలుతోంది. అత్త దిష్టి పోవాలని కాగితం బొమ్మ కత్తిరించి సూదితో పొడుస్తోంది. "గలాల్ కంట్లో. హిషామ్ తల్లి కంట్లో. మామిడికాయల వాళ్ళ కంట్లో."

"రెండొందల మంది ఉన్నారత్తా" అన్నాను.

"నాకు ఓపికుంది నాయనా. నువ్వు పేర్లు చెప్పు. పిలిచి చూపించినవాడివి నువ్వేగా."

తర్వాత "ఈ ఇంటి అల్లుడి కంట్లో" అని మూడు పోట్లు పొడిచింది. మూడోది కాస్త లోతుగా.

నగ్లా వాడి చెప్పులు విప్పి, కాళ్ళు కడిగి, పక్క మీద కూర్చోబెట్టింది. నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి వాడి ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది. వాంతులు మొదలయ్యాయి. దిష్టి గిష్టి నమ్మనని షెడ్డులో అందరితో వాదించే నేనే అత్తను ఇంకాస్త పటిక వెయ్యమన్నాను. నలుగురిలో మళ్ళీ నేనే అంకె చెప్పించాను. అప్పుడు గుమ్మంలో నిలబడి చాటాను, ఇప్పుడు మార్కెట్లో చాటించాను. వాడి పక్కన కూర్చోవడానికి కూడా భయమేసి తలుపు దగ్గర నిలబడ్డాను.

పై అంతస్తు డాక్టర్ రమ్సీ వచ్చాడు. కడుపు నొక్కి చూశాడు.

"పొద్దున్నుంచి ఏం తిన్నాడు?"

"మామిడిపళ్ళు. నాలుగు" అన్నాను.

"ఆరు" అన్నాడు షహ్హాత్ కళ్ళు మూసుకునే. ఆ ఇంట్లో ధైర్యంగా నిజం లెక్క చెప్పింది వాడొక్కడే.

"అదీ సంగతి. అజీర్తి, ఎండదెబ్బ. భయం లేదు, సాయంత్రానికి లేచి ఆడతాడు." డాక్టరు మందు చీటీ తీశాడు. "మోతాదు రాయాలి. బరువెంత?"

"పది" అంది అత్త. "అదీ చెప్పులతో." నేను నేల చూశాను.

"పద్దెనిమిది కిలోల తొమ్మిది వందలు" అంది నగ్లా. "సోమవారం పొద్దున, చెప్పుల్లేకుండా. ఎత్తు నూటయిదు."

అత్త చేతిలోంచి సూది జారిపడింది. డాక్టరు రాసుకుని వెళ్ళిపోయాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను నగ్లాతో.

"తల్లిని కాబట్టి. ప్రతి సోమవారం మందుల షాపు తెరవకముందే వెళ్ళి తూస్తాను. మా చిన్నాన్న కొడుకు గోడ వైపు తిరిగి నిలబడతాడు. నీ గలాల్ కాటా నాలుగొందలు తక్కువ చూపిస్తోంది, వెళ్ళి చెప్పు."

"మరి నాకు పదకొండని ఎందుకు చెప్పావు?"

"నీ నోట్లో ఆగుతుందా?" అంది. అంతకు మించి అనలేదు. ఆ మిగిలింది నాకు తెలుసని ఆమెకు తెలుసు.

మందు పట్టించాక వంగి అత్త మంచం కిందికి చెయ్యి పెట్టింది. పాత దుప్పటి మూట ఒకటి లాగింది. విప్పితే కారు సీటు, కొత్తది, ఇంకా కాగితం కూడా పోలేదు.

"ఎక్కడిది?"

"వగ్దీ దగ్గర కొన్నాను. పెళ్ళి కుదిరిన రోజే."

"వాడు నాతో ఒక్క ముక్క చెప్పలేదే. పైగా తూచుకు రమ్మని తరిమేశాడు."

"నువ్వొస్తే ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యమన్నాను. మార్కెట్టుకి పోతావని వాడు మాత్రం ఎలా అనుకుంటాడు?"

"దాని మీద నేను పది రాత్రులు పడుకున్నాను" అంది అత్త గర్వంగా. "ఎవరి కన్నూ పడకుండా."

శుక్రవారం పొద్దున కారులో వెనక వైపు సీటు బిగించడానికి నన్ను కిందికి పిలిచారు. ఈ ఊళ్ళో ఏ కారు ఎక్కడ నలుగుతుందో చెప్పగలిగినవాణ్ణి, ఆ సీటు ముందు వంగి కూర్చుంటే ఏది ఎక్కడ దూరుతుందో తెలియలేదు. చివరికి దాని మీదున్న చీటీ చదివాను. పదిహేను నుంచి ముప్పై ఆరు కిలోల దాకా అని ఉంది. తల ఆనే భాగం పిల్లవాడు పెరిగేకొద్దీ ఒక్కో మెట్టు పైకి లేస్తుంది. మొత్తం ఏడు మెట్లు.

"ముప్పై ఆరంటే ఎన్నేళ్ళు?" అన్నాను.

"పన్నెండు" అంది నగ్లా.

మామూలుగా అంది, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు. మా ఇంట్లో వాడి వచ్చే పుట్టినరోజు మాట కూడా ఎవరం ఎత్తం. నేను వగ్దీ దగ్గరికి వెళ్ళింది ఈ ఒక్క ప్రయాణం గట్టెక్కించే సీటు కోసం. అంతకు మించి నేను ఆలోచించలేదు, ఆలోచించే గుండె లేదు. నోటితో ఒక్క అంకె చెప్పడానికి వణికే మనిషి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, వాడికి ఇంకా ఎనిమిదేళ్ళకు సరిపడే సీటు తెచ్చి మంచం కింద దాచింది.

"నీకు భయం లేదా?" అన్నాను.

"ఉంది" అంది. "అందుకే ఇన్ని మెట్లున్నది తీసుకున్నాను."

షహ్హాత్ ఎక్కి కూర్చున్నాడు. నగ్లా మొదటి మెట్టులో సర్దింది. పైన ఆరు మెట్లు ఖాళీగా ఉన్నాయి. నాకు కళ్ళు మసకబారి బెల్టు కొక్కెం కనబడలేదు.

"జరుగు" అంది నా భుజం తోసి. "నేను పెడతాను. నువ్వు వెళ్ళి మా అమ్మకి వెనక తలుపు తియ్యి."