యాభై దాటిన మగవాళ్ల గీత

ఆ సోమవారం పొద్దున్న ఓట్స్ జావ తాగుతూ ఆర్లండ్ టెస్డాల్ ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రం తన మనసులో మాట చెప్పేయాలి. మనిషికి కాదు, యంత్రానికి.

అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో, అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రోజున చీటీ మడిచి పెట్టెలో వేసి పోవడం కుదరదు. బడి వ్యాయామశాలలో, ఊరంతా చూస్తుండగా, నచ్చినవాళ్ల మూలకి నడిచి వెళ్లి నిలబడాలి. వాళ్ల ఊళ్లో సెనేటర్ హాల్వర్సన్ మూలకి ఆర్లండ్ భార్య వెర్లీనే పెద్ద. ఆర్లండ్‌కి మాత్రం ఆ సెనేటరమ్మ గొంతు వింటే పన్ను జివ్వుమంటుంది. ముప్ఫై ఒక్కేళ్ల కాపురాన్ని తలచుకుని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గోదాములో ధాన్యం బళ్లు తూచే ఉద్యోగం అతనిది. కాటా ముల్లు ఎక్కడ ఆగితే అంత అని చెప్పడమే తప్ప, గింజ నీకు నచ్చిందా అని అతన్ని అడిగినవాడు లేడు.

ఇప్పుడు టీవీ వాళ్లు అడిగారు. ఇంకా ఎటూ తేల్చుకోని అరవై మందిని గ్రంథాలయం హాల్లో కూర్చోబెట్టి, అభ్యర్థుల చర్చ చూపిస్తూ, తలా ఒక గుండ్రటి మీట ఇస్తారు. మాట నచ్చితే కుడికి తిప్పాలి, నచ్చకపోతే ఎడమకి. పేర్లు బయటికి రావు.

"తేల్చుకోలేదని చెప్పి వెళ్తున్నావా? వచ్చేవారం నా పక్కన నిలబడాల్సినవాడివి!" అంది వెర్లీన్, టోపీ అందిస్తూ.

"ఊరికే. భోజనం పెడతారట."

మధ్యాహ్నం మంచు తుఫాను విరుచుకుపడింది. అరవై మందిలో తొమ్మండుగురే వచ్చారు. ఎనమండుగురు ఆడవాళ్లు, ఆర్లండ్.

చర్చ మొదలైంది. పందుల దొడ్ల మురుగు గురించి అడిగితే సెనేటర్ తన బాల్యం గురించి చెప్పింది. ఆర్లండ్ మీటని ఎడమకి, చివరంటా తిప్పాడు. లోపలెక్కడో ఏళ్లుగా బిగుసుకుపోయిన కిటికీ ఒకటి తెరుచుకున్నట్టయింది. అంతలో జేబులో ఫోన్ మోగింది. బావమరిది గేలన్, పోటీలో ఉన్న గవర్నర్ వైపువాడు.

"బావా! నువ్వు మా గవర్నర్ ప్రూయెట్ మనిషివని ఒక్కనాడైనా చెప్పావా? దొంగవి సుమా!"

"నీకెవరు చెప్పారు?"

"టీవీలో అడుగున రెండు గీతలు పోతున్నాయి. ఒకటి ఆడవాళ్లది, ఒకటి యాభై దాటిన మగవాళ్లది. ఆ హాల్లో మగాడివి నువ్వొక్కడివేనట కదా, మీటలు పంచే పిల్ల వాళ్లమ్మ ఊరంతా చెప్పేసింది. మా అక్క టీవీ ముందు నుంచి కదలడం లేదు, చూసుకో!"

ఆర్లండ్ చెవులు కాలిపోయాయి. కాపురం కళ్లముందు తిరిగింది. గబగబా మీటని కుడికి తిప్పాడు. తల ఎత్తి చూస్తే మాట్లాడుతున్నది గవర్నర్.

"యాభై దాటిన మగవాళ్లు గవర్నర్ వైపు వెల్లువెత్తారు!" అన్నాడు టీవీ విశ్లేషకుడు.

హడలిపోయి ఎడమకి తిప్పేసరికి సెనేటర్ అందుకుంది.

"ఆమెను క్షమించేలా లేరు!"

ఇక ఏ పాపమూ తనకొద్దని మీటని బల్లమీద పెట్టేశాడు. ఎవరో వచ్చి చిక్కుడుగింజల పులుసు గిన్నె, దాల్చినచెక్క రొట్టె ఉన్న పళ్లెం పెట్టి పోయారు. పళ్లెం అంచు తగిలి మీట కుడి చివరకి తిరిగి అక్కడే ఇరుక్కుంది. అప్పుడు మాట్లాడుతున్నాయన బిడ్‌విక్ అనే మేయరు. ఆయన పోటీలో ఉన్నట్టు ఆయన ఊరివాళ్లకే సరిగ్గా తెలియదు. తపాలా బిళ్లల ధర తగ్గించాలని నాలుగు నిమిషాలు మాట్లాడాడు. గీత చెక్కు చెదరలేదు.

"యాభై దాటిన మగవాళ్లకి నాయకుడు దొరికాడు!"

విరామంలో సలహాదారులు అభ్యర్థుల చెవులు కొరికారు. తిరిగి రాగానే సెనేటర్ తన తాత ఉత్తరాలు పంచేవాడంది. గవర్నర్ జేబులోంచి తపాలా బిళ్ల తీసి ముద్దుపెట్టుకున్నాడు. మేయరు వేదికమీదే ఏడ్చేశాడు.

ఫోన్‌లో వెర్లీన్ పంపిన మాట ఒక్కటే: ఇంటికి రా.

గుమ్మంలో బూట్లు విప్పుతుంటే అడిగింది. "హాల్వర్సన్ అంటే నీకు గిట్టదా?"

చెయ్యి మీట కోసం వెతికింది. దొరకలేదు. "గిట్టదు" అన్నాడు నోటితోనే.

వెర్లీన్ కుర్చీలో కూలబడింది. "నాకు మాత్రం గిట్టుతుందనుకున్నావా? ఆ పెత్తనం నీ కోసమే నెత్తినేసుకున్నాను. వేసవిలో ఆవిడ టీవీలో మాట్లాడినంతసేపూ నువ్వు తల ఊపావు కదయ్యా!"

"నిద్రకి తూగాను, వెర్లీన్."

"నాలుగొందల గుమ్మాలెక్కాను" అంది వెర్లీన్, "ఒక కునుకు కోసం." ఇద్దరిలో ముందు ఎవరు నవ్వారో తెలియదు.

మర్నాడు పొద్దున్న, యాభై దాటిన మగవాళ్లలో తీవ్రమైన చీలిక వచ్చిందని టీవీలో విశ్లేషిస్తున్న సమయానికి, ఆ వర్గం పార పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తోంది.