ఏడు. ఖాళీ.

ఆ ఉదయం మాస్టారి పథకం సాదాసీదాది. పన్నెండింటికి గ్రంథపాలకుడు వచ్చేలోగా పాత పెట్టెకు మార్కులు వేసి, పట్టిక సిద్ధంగా ఉంచాలి. తెర మీది అక్షరాలను చూపులేని పాఠకులకు చదివి వినిపించే పాతకాలపు పెట్టెలు గ్రంథాలయంలో రెండు మిగిలాయి. చోటు ఒక్కదానికే ఉంది. రెండోది ఈ పూటే పాత ఇనుములోకి పోతుంది.

తేనెగొంతు పెట్టెకు మిగతా పాఠకులు ఇప్పటికే ధారాళంగా మార్కులు వేసేశారు. మాస్టారి ఇంట్లో ఉన్న రేకుగొంతు పెట్టె పక్షాన నిలిచింది ఆయనొక్కరే. భౌతికశాస్త్రం బోధించి రిటైరైన ఆయనకు చూపు పోయి పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్ల చదువూ రేకుగొంతులోనే సాగింది. మూడింతల వేగంలో తేనెగొంతు ముద్దకట్టిపోతుంది. రేకుగొంతులో ప్రతి హల్లూ గులకరాయిలా విడిగా రాలుతుంది. పైగా అది మనిషినని నటించదు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోదు. ఆ పెట్టె పోతే ఆయన చదువు పోయినట్టే.

చిక్కల్లా పట్టికలోని ఏడో అంశంతో వచ్చింది: వినేవారి మనసును కదిలించు గుణం.

"యంత్రానికి ఆ గుణమేమిటండీ? కుక్కరుకు కరుణ ఎంతుందని అడిగినట్టుంది," అన్నారు ముందురోజు ఫోన్లో.

"ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ పెట్టె లెక్కలోకి రాదు మాస్టారూ. ఏదో ఒక అంకె వేసి పారెయ్యండి," అన్నాడు గ్రంథపాలకుడు.

"ఏదో ఒక అంకె వేసే అలవాటు నాకు లేదు."

ఐదు అంశాలు అయిపోయాయి. ఆరోది, గొంతు గోడల అవతలికి వినబడుతుందా అన్నది. మాస్టారు పెట్టె వేగాన్ని మామూలు మనుషుల స్థాయికి తగ్గించి, గొంతు పూర్తిగా పెంచి, పట్టికనే చదవమని చెప్పి మేడ మీదికి బయలుదేరారు. పద్దెనిమిది మెట్లూ కాళ్లకు కంఠస్థమే కనుక చేతికర్రా నల్లకళ్లద్దాలూ బల్ల మీదే ఉండిపోయాయి. గదిలోంచి గొంతు వినబడుతోంది కాబట్టి తమ్ముడూ గదిలోనే ఉన్నాడనుకున్న అక్కయ్య, అలవాటు చొప్పున మేడ తలుపుకు గడియ పెట్టి, వీధి తలుపు దగ్గరగా వేసి, కూరగాయలకు వెళ్లింది.

అప్పుడే బల్ల అంచున నిలబెట్టిన బరువైన బ్రెయిలీ సంపుటం ఒరిగి, కింది వరుసకు దిగే మీట మీద పడింది. ఏడో వరుస తరువాత దిగడానికి వరుసలు లేవు. పెట్టె అక్కడే ఆగి, ఉన్నది ఉన్నట్టు చెప్పసాగింది.

"ఏడు. ఖాళీ. ఏడు. ఖాళీ."

"పుస్తకం పడిందన్నమాట," అనుకున్నారు మేడ మీద మాస్టారు. ఆరో అంశానికి మనసులోనే పది మార్కులు వేసి తలుపు నెట్టారు. అది తెరుచుకోలేదు.

పక్కింటి టైలరమ్మ కుట్టిన కర్టెన్లతో లోపలికి వచ్చింది. పన్నెండేళ్లుగా ఆమె గోడ అవతలి నుంచి ఆ పెట్టెను వింటూనే ఉంది. మూడింతల వేగంలో అది ఏదో గరగర అనుకుందే తప్ప, అందులో మాటలున్నాయని ఆమెకు తెలియదు.

"మాస్టారూ, కర్టెన్లు తెచ్చానండీ."

"ఏడు."

"ఏంటండీ?"

"ఖాళీ."

ఊపిరి లేని ఆ గొంతుకు ఆమె చేతుల మీది రోమాలు లేచాయి. గదిలోకి తొంగి చూసింది. పట్టపగటి ఎండలో కుర్చీ ఒంటరిగా ఉంది. బల్ల మీద కళ్లద్దాలు తలుపు వైపే చూస్తున్నాయి.

"మాస్టారు ఏరీ?" అంది.

"ఏడు."

చెప్పినట్టే ఏడ్చింది. ఆ ఏడుపుకు ఎదురింటివాళ్లు వచ్చారు, వాళ్ల వెనక వీధి వచ్చింది. ఎవరు ఏమడిగినా గదిలోంచి ఒకటే ఆజ్ఞ, ఆ వెంటనే ఒకటే కారణం.

మాస్టారు తలుపు బాదారు.

"అయ్యో, పైన చప్పుడు! ఇంకా ఇల్లు వదల్లేకపోతున్నారు పాపం!" అన్నారు కింద ఎవరో.

"నేను బతికే ఉన్నాను!" అని అరిచారు మాస్టారు.

"పోయినవాళ్లకి పోయినట్టు తెలీదంటారు," అన్నాడు ఎదురింటి పెన్షనరు, గొంతు తగ్గించి.

మూసిన తలుపు అవతలి నుంచి తన ఉనికిని నిరూపించుకునే పద్ధతి ఆయన చదివిన ఏ తర్కశాస్త్రంలోనూ లేదు. కింద ఏడుపు. ఏడుపు కింద, అలుపు లేకుండా, ఆ గొంతు. ఒక్క క్షణం, కేవలం పరిశీలన కోసం, మాస్టారు తన నాడి పట్టుకుని చూసుకున్నారు.

అక్కయ్యా గ్రంథపాలకుడూ ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు.

"పోయాడా! నేను వెళ్లి అరగంట కాలేదే! ఏ గదిలో?" అని గుండె బాదుకోబోయి, పైనుంచి మళ్లీ దబదబలు వినబడగానే అక్కయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "ఓరి నా మతిమండా, మేడ గడియ పెట్టింది నేనే!"

గడియ తీశారు. మాస్టారు మెట్లు దిగుతుంటే జనమంతా గోడలకు అతుక్కుపోయారు.

"ఎవరున్నారిక్కడ?"

ఒక్కరూ పలకలేదు. గదిలోంచి జవాబు వచ్చింది: "ఖాళీ."

అయినా కనీసం పాతికమంది ఊపిరి ఆయన చెవులకు అందుతూనే ఉంది.

"పట్టిక పూర్తయిందా మాస్టారూ? బయట పాత ఇనుము బండి ఆగి ఉంది, తేనెగొంతు కూడా అందులోనే ఉంది," అన్నాడు గ్రంథపాలకుడు. "ఏడో గడి ఖాళీ అని అదే చెబుతోంది మరి."

మాస్టారు ముక్కు ఎగబీలుస్తున్న వైపు తిరిగారు. "అమ్మా, మీరు ఎందుకేడ్చారు?"

"అది ఏడవమందండీ," అంది టైలరమ్మ. "అంత నిర్దయగా చెబితే ఏడవకుండా ఎలా ఉంటాం?"

"అంటే, మనసు కదిలిందంటారా?"

"కదలడమేంటండీ, ఊడి కింద పడింది!"

"తేనెగొంతుకు ఏడో అంశంలో ఎన్ని వచ్చాయి?" అని అడిగారు మాస్టారు.

"ఆరు," అన్నాడు గ్రంథపాలకుడు. "ఆ గొంతుకి ఎవరూ ఏడవలేదు లెండి. ఇద్దరు నిద్రపోయారు."

మాస్టారు పుస్తకం ఎత్తి పక్కన పెట్టి, రెండు గడులు నింపారు. పెట్టె అదే గొంతుతో చదివింది: "ఆరు. పది. ఏడు. పది." లెక్కలో రేకుగొంతు నెగ్గింది, బండి తేనెగొంతుతో వెళ్లిపోయింది.

దయ్యాలు లేవని మాస్టారు ఇప్పటికీ సోదాహరణంగా వివరిస్తూనే ఉన్నారు. ఆ మాట మాత్రం ఆయన నోట వినాలంటే టైలరమ్మకు భయం.