ఎంఎస్‌డబ్ల్యూకి ఏడో దారి

మనిషి కష్టం తీర్చడానికి నాగరికత ఇప్పటిదాకా మూడే మూడు గొప్ప సాధనాలు కనిపెట్టింది: నిప్పు, మందు, పెలికన్ ఫోర్క్స్ విశ్వవిద్యాలయం వారి ఎంఎస్‌డబ్ల్యూ. సోషల్ వర్క్‌లో అంతకు మించిన చదువు ఆ చుట్టుపక్కల లేదు. మొదటి రెండు సాధనాలూ ఎవరికైనా దొరుకుతాయి. మూడోది ఆరు రకాలుగా దొరుకుతుంది. (అగ్గిపుల్ల గీయడానికి అర్హత పరీక్ష పెట్టకపోవడం మానవజాతి చేసిన తొందరపాటని శాఖలో ఒక అభిప్రాయం ఉంది.) శాఖ గుమ్మం మీద నీలం అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: కుటుంబాలను కలిపి ఉంచడమే మా పని.

మారిట్ ఆ వాక్యం కింద నిలబడి చదివేనాటికి ఆమెకు పెళ్లయి మూడు వారాలు. పెళ్లయి మూడు వారాలైన మనిషికి ఏ బోర్డు చూసినా తన కోసమే రాశారనిపిస్తుంది. ముందు రోజు సూపర్‌మార్కెట్‌లో "నేల తడిగా ఉంది, జాగ్రత్త" అన్న బోర్డు చూసి, ఎంత ప్రేమగా చెప్పారో అని ఆమె కళ్లు చెమర్చాయి.

ఆమె కౌంటీ ఆఫీసులో వృద్ధుల విభాగంలో సహాయకురాలు. పై ఉద్యోగం ఖాళీ అయింది. ఈ సెప్టెంబరులో ఎంఎస్‌డబ్ల్యూలో చేరితే అది ఆమెకోసం ఆపి ఉంచుతామన్నారు, చేరకపోతే వేరేవాళ్లకి ఇస్తామన్నారు. అది ఒక పక్క. ఇంకో పక్క భర్త ఎల్డన్. నిశ్చితార్థమైన రెండేళ్లూ ఆమె ఫార్గోలో, అతను పెలికన్ ఫోర్క్స్‌లో. చర్చి నేలమాళిగలో పెళ్లి భోజనాలప్పుడు ఎల్డన్ కాఫీ మగ్గు పైకెత్తి, అందరి ముందూ, ఇక మాకు వేరు వేరు ఇళ్లు ఉండవని మాట ఇచ్చాడు. ఆ ఊళ్లో మగవాళ్లు బహిరంగంగా అంత పెద్ద మాట అనడం అరుదు. వెనక బల్ల దగ్గర ఎవరో చెంచా జారవిడిచారు.

కాబట్టి మారిట్‌కి కావలసింది చాలా చిన్నది. చదువుకోవాలి, రాత్రికి ఇంటికి రావాలి.

ఆరు దారుల్లో ఫుల్ టైం అన్నిటికంటే మర్యాదైనది. కాకపోతే దానికి తప్పనిసరైన ఫీల్డ్ వర్క్‌కి, అంటే ఏదైనా సంస్థలో జీతం లేకుండా చేసే శిక్షణకి, ఊళ్లో చోట్లన్నీ నిండిపోయాయి, మినియాపాలిస్ వెళ్లి ఉండాలి. పార్ట్ టైం ఉద్యోగస్తుల సౌకర్యం కోసం ఏర్పాటు చేసింది, కాబట్టి తరగతులు ఆఫీసు వేళల్లో జరుగుతాయి. వారాంతపు కోర్సు గురువారం మొదలవుతుంది, రాష్ట్రానికి ఆ కొసన ఉన్న దక్షిణ క్యాంపస్‌లో. ఇదివరకే సోషల్ వర్క్‌లో డిగ్రీ చేసినవాళ్లకి సగం కాలంలో ముగిసే అడ్వాన్స్‌డ్ కోర్సు ఉంది. మారిట్ ఆ డిగ్రీ చేసింది కూడా. కాని పాల ప్యాకెట్‌కి ఉన్నట్టే దానికీ గడువుంటుంది, ఆమెది మొన్న మే నెలలో దాటిపోయింది. (వాసన చూసి చెప్పే వీలు లేదా అని ఆమె అడిగింది. లేదన్నారు.) ఫ్లెక్స్ అనే కోర్సులో అన్నీ మార్చుకోవచ్చు. అందులో చేరే తేదీని శాఖ మార్చుకుంటూ ఉండడం వల్ల ఇంతవరకూ ఎవరూ చేరలేదు. ఇక మిగిలింది ఆన్‌లైన్. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అది దూరంగా ఉన్నవాళ్లకి మాత్రమే. మారిట్ వంటింట్లోంచి చూస్తే శాఖ గోడ గడియారం కనబడుతుంది. ఇంట్లో ఉండి చదువుకోవడానికి ఆమె ఇల్లు మరీ దగ్గర.

ఈ దారుల్లో ఏది ఎటు పోతుందో పూర్తిగా తెలిసినవాడు విశ్వవిద్యాలయంలో ఒక్కడే. శాఖలో ప్రవేశాల సలహాదారు. ఆయన పేరు ఎల్డన్.

ఒక పొద్దున్న మారిట్ పెళ్లికి వచ్చిన కొత్త టోస్టర్ ముందు నిలబడి (రొట్టె పైకి ఎగిరినప్పుడల్లా ఇద్దరూ చప్పట్లు కొట్టేవారు) ఏ దారి మంచిదోయ్ అని మామూలుగా అడిగింది. ఎల్డన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి ఒక ఉత్తర్వు తీసి బల్ల మీద పెట్టాడు. సోషల్ వర్క్ వృత్తిలో ఒకే మనిషితో రెండు రకాల సంబంధం పెట్టుకోకూడదు. వైద్యం చేసేవాడు స్నేహితుడు కాకూడదు, సలహా ఇచ్చేవాడు చుట్టం కాకూడదు. పెళ్లి కాగానే ఎల్డన్ బుద్ధిమంతుడిలా హద్దుల పరిరక్షణ విభాగానికి వెళ్లి తనకు భార్య ఉందని ఒప్పుకున్నాడు. ఇంట్లో కోర్సుల ప్రస్తావన తేకూడదనీ, కనుబొమలతో కూడా సూచించకూడదనీ వాళ్లు ఆదేశించారు.

"బహిరంగ సమావేశానికి వచ్చి అడగొచ్చు," అన్నాడు ఎల్డన్, టోస్టర్ వంక చూస్తూ. "అక్కడ నువ్వు జనంలో మనిషివి."

మారిట్ పెళ్లిలో వేసుకున్న చెవి దుద్దులు పెట్టుకుని జనంలో మనిషిగా వెళ్లింది. ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తింది.

"చెప్పండి మేడమ్," అన్నాడు ఎల్డన్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"సార్, కొత్తగా పెళ్లయింది. మా ఆయన్ని వదిలి ఉండలేను. నాకు ఏ కోర్సు సరిపోతుంది?"

"మీ ఆయన అదృష్టవంతుడు మేడమ్. ఏదీ సరిపోదు."

వెనక కూర్చున్న పెద్దావిడ, ఈ అబ్బాయి ఎంత నిక్కచ్చిగా చెప్పాడో అని పక్కావిడతో అంది. మారిట్‌కి ఆ మధ్యాహ్నమంతా కాలు నేల మీద నిలవలేదు. తన భర్త తనను మీరు అనడం ఆమెకు అదే మొదటిసారి. కోర్సు దొరకలేదన్న సంగతి సాయంత్రానికి గాని గుర్తు రాలేదు.

ఆఖరి ఆశగా ఫీల్డ్ వర్క్ డైరెక్టర్ డాక్టర్ స్వెన్‌బీ దగ్గరికి వెళ్లింది. ఫీల్డ్ వర్క్‌కి ఊళ్లో ఒక్క చోటు దొరికితే ఫుల్ టైంలో చేరి ఇంట్లోనే ఉండొచ్చు. స్వెన్‌బీ చాలా మంచావిడ. ఎదుటివాళ్లు చెప్పింది తిరిగి వాళ్లకే మెల్లగా చెప్పి, ఓదార్చానని నమ్మేది. చోట్లు లేవని చెప్పడానికి ఆమెకూ మనసొప్పలేదు. ఇంతకీ మీ ఇంటి దగ్గర ఏం జరుగుతూ ఉంటుంది అని అడిగింది. మారిట్ దాపరికం లేకుండా చెప్పింది. ఒక మనిషి అలవాట్లు అర్థం చేసుకోవడం, గొడవ వచ్చినప్పుడు సర్దిచెప్పడం, అతను పైకి అనని అవసరాలు కనిపెట్టడం. స్వెన్‌బీ కలం తీసింది.

"ఆ పనికి మీకు జీతం వస్తుందా?"

"రాదండీ."

"అయితే అది ఉద్యోగం కాదు. ఫీల్డ్ వర్క్ కావచ్చు. ఎంఎస్‌డబ్ల్యూ చేసి అనుభవం ఉన్న పర్యవేక్షకులు ఎవరైనా దగ్గర్లో ఉన్నారా?"

"మా అత్తగారు. ఆసుపత్రిలో చేసి రిటైరయ్యారు. మా వీధి చివరే ఉంటారు."

స్వెన్‌బీ కుర్చీలో వెనక్కి వాలింది. ఆ శాఖలో ఎవరైనా వెనక్కి వాలడం చరిత్రాత్మకం. ఆ విధంగా ఏడో దారి పుట్టింది. దానికి గృహాధారిత ఫీల్డ్ వర్క్ అని పేరు పెట్టారు. సంస్థ: మారిట్ ఇల్లు. సేవలు అందుకునే జనాభా: ఎల్డన్.

వారం వారం పర్యవేక్షణ సమావేశం అత్తగారు వెర్నా వంటింట్లో, నిమ్మకాయ మిఠాయి ముక్కలతో జరిగేది. వెర్నా పాతకాలపు పట్టుదల మనిషి. "అమ్మాయ్, ముందు క్లయింటు బలాలు చెప్పు," అంది మొదటి రోజే. "లోపాలు నాకు తెలుసులే, కన్నదాన్ని."

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు అత్తయ్యా."

"అది కూడా బలం లాగా చెప్పాలి. మన పద్ధతి అదే."

మారిట్ చేతిలోని మిఠాయి ముక్క పక్కన పెట్టింది. "వస్తువులు వాటంతటవే తమ చోటికి చేరతాయని గట్టి నమ్మకం ఉంది."

వెర్నా కళ్లజోడు తీసి కొంగులాంటి ఆప్రాన్‌తో తుడుచుకుంది. "ఆసుపత్రిలో ఇన్నేళ్లు పనిచేశాను. వీడి నాన్న విషయంలో నాకు ఈ ముక్క తట్టలేదే," అంది. ఆ వారం మారిట్‌కి మంచి నివేదిక వచ్చింది.

అన్నీ సవ్యంగా సాగుతున్నాయనుకునే వేళకి హద్దుల విభాగం మేలుకుంది. కార్యకర్తా క్లయింటూ ఒకే పైకప్పు కింద నిద్రపోతున్నట్టు తమ దృష్టికి వచ్చిందనీ, వృత్తి చరిత్రలో ఇంత తీవ్రమైన ఉల్లంఘన నమోదు కాలేదనీ, ఎవరో ఒకరు వెంటనే వేరే చోటికి మారాలనీ తెలిపింది. మారకపోతే కోర్సు లేదు. కోర్సు లేకపోతే కౌంటీ ఉద్యోగం లేదు.

ఆ సాయంత్రం టోస్టర్‌లో రొట్టె పైకి ఎగిరినా చప్పట్లు పడలేదు.

"అందరి ముందూ అన్నాను," అన్నాడు ఎల్డన్. "మగ్గు పైకెత్తి మరీ అన్నాను."

"తెలుసు. నీ మీద కాఫీ కూడా ఒలికింది."

"పోనీ మానేద్దామా? ఉద్యోగం మళ్లీ ఎప్పుడో వస్తుంది."

మారిట్ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ ఎల్డన్ వాళ్ల నాన్న చేపల గది ఉంది. చలికాలం సరస్సు గడ్డకట్టాక దాన్ని మంచు మీదికి లాక్కుపోయి, లోపల పొయ్యి వెలిగించుకుని, నేలలోని రంధ్రాల్లోంచి గాలం వేస్తారు. ఎండాకాలమంతా చక్రాల మీద పెరట్లో ఊరికే నిలబడి ఉంటుంది.

"ఒకే పైకప్పు అన్నారు," అంది మారిట్. "ఒకే పెరడు అనలేదు."

ఎల్డన్ నవ్వడం మొదలుపెట్టి, బల్ల మీద తల ఆనించి నవ్వాడు.

ఆ విధంగా మారిట్ ఇల్లు మారింది. చేపల గదికి గళ్ల కర్టెన్లు కట్టింది. ఎంత కడిగినా లోపల చేపల వాసన పోలేదు, ఆమెకి అది కూడా కాపురం వాసనలాగే అనిపించింది. రంధ్రాల్లో ఒకటి కాఫీ మగ్గు పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది. పొద్దున్నే ఎల్డన్ గడ్డి మీద మంచు తొక్కుకుంటూ పళ్లెంలో టోస్ట్ తెచ్చి తలుపు తట్టేవాడు. క్లయింటు దగ్గర కానుకలు తీసుకోకూడదు కాబట్టి ఆమె ముందు తిరస్కరించేది. వద్దంటే క్లయింటు సంస్కృతిని అవమానించినట్టవుతుందని వెర్నా తేల్చిచెప్పాక తినేది. (సాయంత్రాలు బంగాళదుంప ముక్కలు పేర్చి కాల్చిన హాట్‌డిష్ విషయంలో కూడా ఇదే తీర్పు వర్తిస్తుందని వెర్నా అడక్కుండానే స్పష్టం చేసింది. వంటకం ఆవిడదే.)

డిసెంబరు వచ్చింది. చలికాలంలో చేపల గదిని పెరట్లో పెట్టుకోవడం ఆ ఊళ్లో తలవంపులు. ఏటా దాన్ని సరస్సు మీదికి లాగే పొరుగాయన ఈ ఏడూ ట్రక్కుతో వచ్చాడు. తలుపు మెల్లగా తట్టి, లోపల ఉన్నావా తల్లీ, పొయ్యి ఆర్పుకో, లాగుతున్నాను అన్నాడు. లోపల ఎందుకున్నావని మాత్రం అడగలేదు, అది మర్యాద కాదు. సెమిస్టర్ వ్యాసం మధ్యలో ఉన్న మారిట్ మగ్గు చేత్తో పట్టుకుని, ఊరి ప్రధాన వీధి మీదుగా, ఎదురొచ్చిన వాళ్లకి కిటికీలోంచి చెయ్యూపుతూ సరస్సు మధ్యకి చేరింది.

వ్యాసం అంశం స్వెన్‌బీ ఇచ్చింది: కుటుంబాలను విడదీసే ఒక విధానాన్ని స్వానుభవం నుంచి వివరించండి. మారిట్ ఉన్నదున్నట్టు రాసింది. ఆన్‌లైన్‌కి దగ్గరైపోయిన ఇల్లు, గడువు దాటిన డిగ్రీ, బలాలున్న తువ్వాలు, కార్యకర్తా క్లయింటూ, సరస్సు. పక్షపాతం రాకుండా హద్దుల విభాగం వ్యాసాల మీద విద్యార్థుల పేర్లు తీసేసి స్వెన్‌బీకి పంపింది.

దిద్దిన కాగితం చేతికొచ్చిన సాయంత్రం ఎల్డన్ చేపల గదిలోనే ఉన్నాడు. సందర్శన వేళ నడుస్తోంది. మారిట్ అతని భుజానికి ఆనుకుని (భుజం విషయంలో ఇంకా ఉత్తర్వు రాలేదు) పైకి చదివింది. "భాష బాగుంది. కాని ఉదాహరణ నమ్మేలా లేదు. ఏ వ్యవస్థా ఇంత దూరం వెళ్లదు. నిజ జీవితం నుంచి తీసుకుని మళ్లీ రాయండి."

ఇద్దరూ ఎంత నవ్వారంటే గాలానికి కట్టిన గంట మోగినా వినబడలేదు, చేప తప్పించుకుపోయింది.

మారిట్ మళ్లీ రాసింది. మినియాపాలిస్‌లో ఒక కుటుంబం ఉందనుకుని, వాళ్లకి ఇద్దరు పిల్లల్నీ ఒక ముసలి కుక్కనీ ఇచ్చి, ఒక పూటలో కల్పించేసింది. దానికి పూర్తి మార్కులు వచ్చాయి. పక్కన స్వెన్‌బీ స్వయంగా ఒక మాట రాసింది: అనుభవించినవాళ్లు తప్ప ఇలా రాయలేరు.