గాలి మాస్టారి ఆఖరి పేజీ

ఆ వీధి చివర సైకిల్ షాపు ఆయన్ని అందరూ గాలి మాస్టారు అంటారు. ట్యూబుల్లోకి గాలి కొట్టేది కాసేపే, వచ్చినవాళ్ళ చెవుల్లోకి కొట్టేది మాత్రం రోజంతా. పంపు అయినా అలిసిపోయేది గానీ ఆయన నోరు అలిసిపోగా చూసినవాళ్ళు లేరు.

ఆయన పెళ్ళాం సూదమ్మ. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి గుండీలు కుడుతుంది, అందుకే ఆ పేరని ఆవిడ అంటుంది. మొగుడు ఎంత గాలి నింపినా ఒక్క మాటతో తుస్సుమనిపిస్తుంది కాబట్టి వచ్చిందని వీధిలో వాళ్ళంటారు. వీళ్ళకి ఆరేళ్ళ కూతురు. కళ్ళు గుండ్రంగా ఉంటాయని గుండీ అని పిలుస్తారు.

రోజూ షాపు మూసి ఇంటికి రాగానే మాస్టారు చేతుల గ్రీజు కడుక్కుని, అలమర మీంచి లావుపాటి ఎర్రట్ట పుస్తకం దింపేవాడు. గుండీని ఒళ్ళో కూచోబెట్టుకుని, పేజీ తిప్పి, గొంతు సవరించుకునేవాడు.

"అనగనగా ఒక ఏనుగు. దానికి సైకిల్ తొక్కాలని మా చెడ్డ కోరిక..."

ఏనుగు ఎక్కగానే టైరు పేలేది. ఆ చప్పుడికి ఏడు ఊళ్ళలో పెంకులు ఎగిరిపోయేవి. పంచరెయ్యడానికి సముద్రం అవతలి నుంచి ఒక మహావీరుడు వచ్చేవాడు. ఆ వీరుడికి అచ్చం మాస్టారి మీసాలే ఉండేవి.

పుస్తకం ఒకటే, కథ మాత్రం రోజుకొకటి. "మా నాన్న పుస్తకం ఎంత చదివినా అయిపోదు తెలుసా!" అని గుండీ బళ్ళో గొప్పలు పోయేది. "నాకెలాగూ అక్షరం రాదు, ఈయనకైనా వచ్చు" అని సూదమ్మ మురిసిపోయేది.

ఇందులో ఓ చిన్న తిరకాసుంది. మాస్టారికీ రాదు.

ఒకరోజు బడి నుంచి టీచరమ్మ కబురు పెట్టింది. ఇద్దరూ వెళ్ళారు. టీచరమ్మ వాచకం తెరిచి వాళ్ళ ముందు పెట్టింది.

"ఇక్కడ 'ఆవు గడ్డి మేస్తోంది' అని ఉందమ్మా. మూడే ముక్కలు. మీ అమ్మాయి దీన్ని పావుగంట చదివింది. ఏనుగు వచ్చింది, తుఫాను వచ్చింది, ఎవరో వీరుడొచ్చి పంచరేశాడు. ఆవు మాత్రం రాలేదు."

మాస్టారు కప్పు కేసి చూశాడు.

"అక్షరాలు నేర్చుకోవే అంటే, అక్కర్లేదు, పేజీ కేసి చూస్తే కథ అదే వస్తుంది, మా నాన్న అలాగే చదువుతాడు అంటోంది. పరీక్షల్లోపు చదవడం రాకపోతే మళ్ళీ ఒకటో తరగతే."

సూదమ్మ మెల్లిగా మెడ తిప్పి మొగుడి వైపు చూసింది. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు చూసే చూపది.

"శనివారం సాయంత్రాలు తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ ఒకే బల్ల మీద కూచోబెట్టి చదువు చెబుతున్నాం" అంది టీచరమ్మ. "ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా చదివితే పిల్లలకీ అలాగే అబ్బుతుంది."

"అయితే నేనొస్తా" అంది సూదమ్మ.

"నాకెందుకు లెండి. నేనెప్పుడో అన్నీ చదివేశా" అన్నాడు మాస్టారు.

ఆ రోజు నుంచి సూదమ్మకి చదువు పిచ్చి పట్టింది. ఫ్యాక్టరీలో అన్నం తినే టైములో సుద్దముక్కతో గుడ్డపీలికల మీద అక్షరాలు దిద్దేది. ఇంటికొచ్చి గుండీతో కలిసి సబ్బు కాగితం, అగ్గిపెట్టె, ఏది దొరికితే అది కూడబలుక్కునేది. ఓసారి పలక పట్టుకొచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఏమండీ, ఇదేం అక్షరం?"

"అన్నీ నేనే చెప్పేస్తే నువ్వెప్పుడు నేర్చుకుంటావే?"

"పోనీ ఇది?"

"దాని పక్కది చెప్పు ముందు."

"పక్కనేం లేదండీ. అది పలక చెక్క."

మూడు నెలలు తిరిగాయి. ఓ సాయంత్రం గుండీ వీధిలో ఆడుకుంటుంటే, సూదమ్మ ఎర్రట్ట పుస్తకం దింపి, అట్ట మీద వేలు పెట్టింది.

"నీ...ళ్ళ మో...టార్ల వి...డి భా...గాల ప...ట్టిక." తలెత్తింది. "ఏమండీ, మన ఏనుగు ఏ మోటార్లో ఉందండీ?"

"అది పైకి అలా కనిపిస్తుందే. లోపల వేరే ఉంటుంది."

"లోపల కూడా చూశా. వాల్వులున్నాయి."

మాస్టారికి గాలి పోయింది.

"పిల్ల ముందు మీ పరువు తియ్యను. కానీ వచ్చే శనివారం నాన్నలంతా చదివి వినిపించాలట. మీరొస్తున్నారు."

శుక్రవారం పొద్దున మాస్టారు కుడి కంటికి కట్టుతో దిగాడు. "ఇనప రజను పడిందే. అక్షరం కనపడితే ఒట్టు."

శనివారం సూదమ్మ పరీక్షగా చూసింది. "రజను నడిచి ఎడమ కంట్లోకి వెళ్ళిందా అండీ?"

మాస్టారు తడుముకుని చూస్తే కట్టు ఎడమ కంటికే ఉంది.

"పర్లేదు, ఒక కన్ను బాగానే ఉందిగా. దాంతో సగం పేజీ చదవండి. పదండి!"

క్లాసు నిండా జనం. ముప్ఫైమంది అమ్మలూ నాన్నలూ పిల్లల బల్లల్లో మోకాళ్ళు మడిచి ఇరుక్కుని కూచున్నారు. మాస్టారి వంతు రాగానే సూదమ్మ సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. మధ్యలో గుండీల దారంతో కుట్టిన పుస్తకం. అక్షరాలు సూదమ్మవి, బొమ్మలు గుండీవి. అట్ట మీద సైకిలెక్కిన ఏనుగు!

కట్టున్నా మాస్టారి కళ్ళు రెండూ మెరిశాయి. తన కథే! ఇంకేం కావాలి? లేచి నిలబడి పేజీ తర్వాత పేజీ దంచేశాడు. ఏనుగు ఘీంకరించింది, టైరు పేలింది, వీరుడు సముద్రం దాటాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆఖరి పేజీ తిప్పి, "అప్పుడా వీరుణ్ణి ఏనుగు తన వీపు మీద ఎక్కించుకుని..." అన్నాడు.

"నాన్నా, అక్కడ అలా లేదు" అంది గుండీ.

"ఉందమ్మా."

"లేదు. నేను చదివా. అమ్మ ఆఖరి పేజీ మార్చేసింది." ఆ గుండ్రటి కళ్ళు ఇంకా గుండ్రంగా అయ్యాయి. "నువ్వు చదవట్లేదు నాన్నా. చెప్తున్నావ్."

మాస్టారు కట్టు విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే అక్కడేముందమ్మా?" అన్నాడు చిన్న గొంతుతో.

"చెప్పకూడదు. అమ్మ ఒట్టు పెట్టించుకుంది."

సోమవారం ఆ పేజీ తెరిచి పట్టుకుని షాపులో కూచున్నాడు. మొదట పోస్టుమాన్ వచ్చాడు.

"అన్నా, ఇది కాస్త చదివి పెడుదూ."

"అయ్యో మాస్టారూ, కంట్లో ఇనప రజను పడింది."

పాలాయనకీ పడింది. మందుల షాపాయనకి రెండు కళ్ళలోనూ పడింది. వీధిలో ఇంత రజను ఎక్కడ రాలుతోందా అని మాస్టారు కాసేపు ఆశ్చర్యపోయాడు. తర్వాత సూదమ్మ ముందే ఇల్లిల్లూ తిరిగిందని అర్థమైంది.

"సరే, నేనే చదువుతా. ఆ ముక్కలేంటో తేల్చందే వదల్ను" అని శనివారం గుండీ పక్కనే బల్లలో ఇరుక్కున్నాడు.

ఇక చూడండి పట్టుదల! టైర్ల మీద చదివాడు, పంచరు సొల్యూషన్ ట్యూబు మీద చదివాడు. ఎక్కడో పాత సామాన్లలో దొరికితే సైకిల్ షాపు బోర్డే అనుకుని షాపుకి తగిలించి, పన్నెండేళ్ళుగా రోజూ తుడుస్తున్న బోర్డుంది. అది చదివితే, 'ఇక్కడ సైకిళ్ళు ఆపరాదు' అని ఉంది. వచ్చినవాళ్ళంతా ఇన్నాళ్ళూ అది ఆయన వేళాకోళం అనుకున్నారట.

"నాన్నా, ఊహించకు. వేలు పెట్టి చదువు" అనేది గుండీ. తప్పు చదివితే తల మీద మొట్టేది కూడా.

పరీక్షలు అయ్యాయి. ఫలితాలు చెప్పే శనివారం టీచరమ్మ నవ్వుతూ వచ్చింది. "ఆవు వచ్చిందమ్మా! గడ్డి కూడా మేసింది. గుండీ రెండో తరగతి."

సూదమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మాస్టారు ఆ ఊపులో దిగ్గున లేచాడు. "టీచరమ్మా, నేనూ సిద్ధం. ఆఖరి పేజీ చదివేస్తా!"

పుస్తకం తెరిచాడు. ముప్ఫైమందీ అతని వేలి కేసే చూస్తున్నారు.

"ఈ... పే...జీ... పై...కి... చది...విన వాళ్ళు..."

"శభాష్!" అన్నారెవరో. మాస్టారు మీసం తిప్పి గొంతు ఇంకా పెంచాడు.

"రే...పటి నుంచి... రోజూ... ఇంట్లో... గి...న్నె...లన్నీ... తో... మా..."

అక్కడ ఆగాడు. మీసం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆఖరి అక్షరం కూడా కానివ్వండి. ఒక్కటే కదా" అంది సూదమ్మ చాలా ప్రేమగా.

"లి" అన్నాడు మాస్టారు.

క్లాసు చప్పట్లతో దద్దరిల్లింది. గుండీ బల్లెక్కి గంతులేసింది. మాస్టారు దిక్కులు చూసి, పుస్తకం మూసి, రెండు చేతులూ జోడించాడు.

"నాకసలు చదవడం రాదండీ" అన్నాడు, జన్మలో మొదటిసారి.

ఒక్కళ్ళు నమ్మితే ఒట్టు.